తప్పు తుపాకీదే

"ఈసారి నువ్వు కాల్చి చూడు హేమా. నామీద నాకు నమ్మకం పోయింది," అంటూ గిరిజాకుమారి తన రైఫిల్‌ను బల్ల మీది ఇసుక సంచులపై ఆనించి పక్కకు జరిగింది.

కార్లో అనే ఐరిష్ ఊరి బయట ఉన్న గన్ క్లబ్బు అది. వాన అప్పుడే వెలిసింది. ఎదుటి గట్టు ముందు అతికించిన కాగితాన్ని హేమచంద్ చూశాడు. ఆవిడ కాల్చిన తూటాలు తలో దిక్కుకీ పోయాయి. నిరుడు ఈ క్లబ్బులో ఆవిడను మించిన గురి ఎవరికీ లేదు.

"స్కోప్ మార్చాను. తూటాలు మూడు రకాలు మార్చాను. మరలన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాను. అయినా ఇదే వరస."

"బ్యారెల్ అరిగిపోయిందేమో అక్కా."

"అదే అయితే ఇంకేం కావాలి? కొత్తది కొనుక్కుంటాను. నా చెయ్యే పోయిందేమోనని నా భయం."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. క్లబ్బు గదిలో టీ తాగేటప్పుడు ఆవిడ కప్పు సాసరు మీద టకటకలాడటం హేమచంద్ ఎప్పుడో గమనించాడు. గమనించనట్టు మొహం తిప్పుకోవడం కూడా అప్పుడే అలవాటు చేసుకున్నాడు. మర్యాదస్తుడు కదా మరి!

"ఒకసారి మీ ఫ్యామిలీ డాక్టరుకి, ఆ జీపీకి చూపించుకోకపోయారా?"

"లైసెన్సు కాగితాల్లో జీపీ పేరు కూడా ఉంటుందయ్యా. ఆయన ఏదైనా రాశాడంటే గార్డా పోలీసులు వచ్చి తుపాకీ పట్టుకుపోతారు. అయినా నేనే డాక్టర్నయ్యుండి ఇంకో డాక్టరు ముందు చేతులు చాపి నిలబడమంటావా?"

గిరిజాకుమారి ఎముకల డాక్టరు. కిందటేడు భర్త పోయాక ఆపరేషన్ థియేటరు గడప తొక్కడం మానేసి, ఓపీలో రోగుల్ని చూడటం, జూనియర్లకు పాఠాలు చెప్పడంతో సరిపెట్టుకుంటోంది. మనసు విరిగిపోయిందని ఆసుపత్రిలో అందరూ జాలిపడ్డారు. శనివారం శనివారం ఇక్కడికి రావడం ఒక్కటే ఆవిడకు మిగిలిన ముచ్చట.

"పిల్ల ఆపరేషన్ గురించి కబురేమైనా వచ్చిందా?" అని అడిగింది ఆవిడ, కారు వైపు చూస్తూ.

కారులో ముందు సీటు పూర్తిగా వాల్చుకుని వర్షిత పడుకుని ఉంది. హేమచంద్‌కు ఒక్కతే కూతురు, పదిహేడేళ్ళది. వెన్నెముక పక్కకు వంగిపోతోంది. కాసేపు కూర్చుంటే చాలు, నొప్పితో మెలికలు తిరిగిపోతుంది.

"ఎక్కడక్కా! రెండుసార్లు తేదీ ఇచ్చి వాయిదా వేశారు. చేసే సర్జన్ లేరట. ఓపిక పట్టమంటున్నారు. నా బిడ్డ నొప్పితో ఏడుస్తుంటే ఎక్కణ్ణుంచి తేను ఓపిక? ఆ ఆసుపత్రిని తగలబెట్టాలనిపిస్తోంది."

ఆవిడ కారు మీంచి చూపు తిప్పుకుంది.

"సరే, కాల్చు," అంది. "మొహమాటపడకు హేమా. తప్పు నాదని తేలితే సోమవారమే గార్డా స్టేషన్లో తుపాకీ అప్పగించేస్తాను. నాకు నిజం కావాలి."

హేమచంద్ గట్టు ముందు కొత్త కాగితం అతికించి వచ్చి, చెవులకు మఫ్‌లు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాడు. సరిగ్గా నడిమధ్యలో చిల్లు పడింది. రెండో తూటా అదే చిల్లులోంచి దూసుకుపోయింది. చిల్లు అంచు కూడా చెదరలేదు.

అతనికి ఇక తేలాల్సిందేమీ లేదు. తుపాకీ బంగారంలా ఉంది.

ఈ దేశం వచ్చిన కొత్తలో, ఉప్పూ పప్పూ ఎక్కడ దొరుకుతాయో కూడా తెలియని రోజుల్లో, హేమచంద్ కుటుంబానికి తన ఇంట్లో అన్నం పెట్టిన మనిషి ఆవిడ. అతని తుపాకీ లైసెన్సుకు పూచీ పడింది కూడా ఆవిడే. అలాంటి మనిషి ముఖం మీద, మీ చెయ్యి పోయిందక్కా అని ఎలా చెప్పడం? చెప్పి, ఆ ఖాళీ ఇంటికి ఎలా పంపించడం? అయినా అబద్ధమాడితే మునిగిపోయేదేముంది? కాగితానికి ఇంకో మూడు చిల్లులు అడ్డదిడ్డంగా పడతాయి, అంతే కదా!

మూడోది కావాలనే ఎడమకు కాల్చాడు. నాలుగోది కిందికి. ఐదోది పైమూలకు కొట్టి, "ఛ!" అని విసుక్కున్నాడు కూడా.

కాల్పులు ఆపమని ఎర్రజెండా ఎగరేశాక ఇద్దరూ గట్టు దాకా నడిచివెళ్ళారు. గిరిజాకుమారి కాగితం ఊడదీసి పరీక్షగా చూసింది.

"ఐదు కాల్చావు. నాలుగే ఉన్నాయేం?"

హేమచంద్ చప్పున గట్టు వైపు వేలు చూపించాడు.

"ఒకటి కాగితం దాటి పోయినట్టుందక్కా."

"నువ్వు కాలిస్తే కూడా కాగితం దాటిందా!" ఆవిడ మొహం విప్పారింది. "అయితే నా చెయ్యి బాగానే ఉందంటావా?"

"మీ చేతికేమక్కా! తప్పు తుపాకీదే."

"ఒట్టు?"

"ఒట్టు."

"అలా కాదు. వర్షిత మీద ఒట్టు వెయ్యి."

అతను తడబడ్డాడు. ఒక్క క్షణమే. ఆవిడ కళ్ళలో అంత ఆశ చూశాక వెనక్కి తగ్గడానికి నోరు రాలేదు.

"వర్షిత మీద ఒట్టక్కా."

గిరిజాకుమారి కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసి, గట్టు పక్కకు వెళ్ళి ఎవరితోనో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. "యెస్, ఐ యామ్ షూర్ నౌ," అన్న మాట ఒక్కటే హేమచంద్‌కు వినబడింది. తుపాకీ బాగుచేసేవాడితో కాబోలనుకున్నాడు. ఒక మంచి మనిషిని నిలబెట్టానన్న తృప్తితో రైఫిల్‌ను పెట్టెలో సర్ది తాళం వేశాడు.

తిరిగి వచ్చిన గిరిజాకుమారి అతని దగ్గర ఆగకుండా తిన్నగా కారు వైపు నడిచింది. వర్షిత కిటికీ అద్దం దించింది.

"యూ ఆర్ ఇన్ గ్రేట్ ఫామ్, ఆంటీ! వాట్స్ ద స్టోరీ?" అని ఆవిడ హుషారు చూసి విశేషమేంటని అడిగింది.

గిరిజాకుమారి వంగి, కిటికీలోంచి చెయ్యి చాపి, ఆ పిల్ల తల నిమిరింది.

"వచ్చే వారం నీ ఆపరేషన్ నేనే చేస్తున్నాను తల్లీ."