ఇరోదాకి పండగ బుట్ట

"మొక్కజొన్న రొట్టెలా? నవ్‌రూజ్ పండక్కి? అదీ కాబోయే కోడలికి?" ఆడబిడ్డ హోసియత్ బుట్టలోకి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది. "సానోబర్, నువ్వు పండగ బుట్ట పంపుతున్నావా, సంబంధం వద్దని కబురు పంపుతున్నావా?"

సానోబర్ తందూరు రొట్టెలకి సమర్‌కంద్‌లో పేరుంది. పెళ్లిళ్లకి పక్క ఊళ్ల నుంచి వచ్చి మరీ పట్టుకెళ్తారు. ఆ చేతులతోనే ఇవాళ లేనివాళ్ల రొట్టె కాల్చింది.

"ఆ పిల్లకి గోధుమ పడదు వదినా," అంది గొంతు తగ్గించి. "చిన్న ముక్క తిన్నా పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతుందట. జన్మలో ముట్టొద్దన్నాడట డాక్టరు."

"నీకెవరు చెప్పారు?"

"ఫర్రుఖ్ చెప్పాడు. వాళ్లింట్లో మాత్రం ఎత్తొద్దన్నాడు. రొట్టె తినని పిల్ల అని పేరు పడుతుందని ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదట, పాపం."

"బాగుంది! రొట్టెలమ్మే ఇంటికి రొట్టె తినని కోడలు! కంసాలి కోడలికి బంగారం పడనట్టు!"

"నవ్వకత్తా," అంటూ లోపలికొచ్చాడు ఫర్రుఖ్. బుట్ట ముందు చతికిలబడి ఒక్కో పొట్లం విప్పి చూశాడు. ఎండు ఆప్రికాట్లు, అక్రోట్లు, బాదం, కలకండ, బియ్యప్పిండి హల్వా. చివరి పొట్లం విప్పగానే మొహం చిట్లించాడు. "అమ్మా, ఈ పర్వర్దా మిఠాయిలు తీసెయ్. అంటుకోకుండా గోధుమపిండిలో దొర్లిస్తారు."

"పైన అంటిన పిండి కూడా పడదా?"

"గోరంత చాలమ్మా."

మూడు రోజులుగా వాడిదే గోల. కొత్త జల్లెడ కొనుక్కొచ్చాడు, కొత్త పీట తెచ్చాడు. తందూరు దరిదాపులకి పోనివ్వకుండా కొత్త ఇనప మూకుట్లో కాల్పించాడు. మొదటి వాయి విరిగి పొడిపొడి అయిపోయింది. రుచి చూస్తానని నిలబడే అంతా ఊడ్చేశాడు.

"పెళ్లి కాకముందే పెళ్లానికి బంటు అయిపోయాడు నీ కొడుకు," అంది హోసియత్. "పోనీ సుమలక్ అన్నా పెట్టవేం? నవ్‌రూజ్‌కి సుమలక్ లేని ఇల్లుంటుందా?"

"అది వండేదే మొలకెత్తిన గోధుమతో కదా వదినా."

సానోబర్ రొట్టెలు లెక్క చూసుకుంది. ఎనిమిది. శుభానికి పంపేవి సరిసంఖ్యలోనే ఉండాలి. గుడ్డ కప్పి ముడివేసింది. వియ్యాలవారు ఏమనుకున్నా అనుకోనీ. పండగ పూట ఆ పిల్ల భయం లేకుండా ఒక్క రొట్టె కడుపారా తింటే చాలు.

సానోబర్ కొడుకుతో కలిసి వాళ్ల గుమ్మం ఎక్కగానే వియ్యపురాలు గౌహర్ ఎదురొచ్చి కౌగిలించుకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లందరూ చూస్తుండగా నడిగదిలో బుట్ట ముడి విప్పింది. విప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మొక్కజొన్నా..." అంది. మొహాన నవ్వు అలాగే ఉంది కానీ అందులో నవ్వు లేదు. "చాలా శ్రమపడ్డారు వదినా. మా తాతలు కరువు రోజుల్లో తినేవారట ఇవి."

పక్కింటావిడ మోచేత్తో ఇంకొకావిణ్ణి పొడిచింది. కారణం చెబితే పిల్ల గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే సంబంధం చెడేలా ఉంది. సానోబర్ తల వంచుకుని బుట్టలో పొట్లాలు సర్దసాగింది.

"నేనే అడిగానమ్మా!" ఇరోదా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "మొక్కజొన్న రొట్టె మీద మనసైందని ఫర్రుఖ్ గారితో కబురు పెట్టింది నేనే." బుట్టలోంచి ఒకటి తీసి విరిచి సగం ఫర్రుఖ్ చేతికిచ్చింది, సగం తను కొరికింది. "అత్తయ్యా, ఎంత బాగుందో!"

"వేలెడంత లేవు, అప్పుడే అత్తింటికి జాబితాలు పంపుతున్నావా?" గౌహర్ కూతురి నెత్తిన చిన్నగా మొట్టింది. ఈసారి నిజంగానే నవ్వింది. గది తేలికపడింది. సానోబర్ కొంగుతో కళ్లొత్తుకుంది. ఎంత గట్టి పిల్ల! ఇలాంటి కోడలి కోసం జన్మంతా మొక్కజొన్న పిసకమన్నా పిసుకుతుంది తను.

అందరూ గుడ్డ పరిచి చుట్టూ కూర్చున్నారు. ఇరోదా తాతయ్య దేవుణ్ణి తలుచుకుని ఆ ఇంట్లో కాల్చిన పెద్ద గోధుమ రొట్టె విరిచి తలా ఒక ముక్కా పంచసాగాడు. ఆయన చేతిలోంచి చిన్న తునక జారి ఇరోదా మోకాలి పక్కన నేల మీద పడింది.

నేల మీద పడ్డ రొట్టెని చూస్తూ వదిలేసే మనిషి ఆ ఊళ్లో పుట్టలేదు. ఇరోదా ఎవరితోనో మాట్లాడుతూనే దాన్ని తీసి ముద్దుపెట్టుకుంది, నుదుటికి ఆనించుకుంది, నోట్లో వేసుకుంది.

"ఉమ్మెయ్!" సానోబర్ టీ గిన్నెలు దొర్లిపోతున్నా చూడకుండా మీదపడి ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. "ఉమ్మెయ్ తల్లీ, గోధుమ అది! అయ్యో, నీళ్లు... ఎవరైనా నీళ్లు తీసుకురండి!"

గదిలో అందరి తలలూ అటు తిరిగాయి.

"గోధుమైతే ఏమైంది వదినా?" గౌహర్ తెల్లబోయింది. "పొద్దున రెండు రొట్టెలు తిని కూర్చుందిగా!"

సానోబర్ చెయ్యి గడ్డం మీదే ఉండిపోయింది. ఇరోదా తల దించుకుంది. దించుకున్న చూపు మెల్లగా ఫర్రుఖ్ వైపు పోయింది.

ఫర్రుఖ్ చేతిలో తాతయ్య ఇచ్చిన ముక్క ముట్టకుండా అలాగే ఉంది. దాన్ని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టి, తల్లి దగ్గరికి జరిగి, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"తనని వదిలెయ్యమ్మా. గోధుమ పడనిది నాకు. నీ చేతి రొట్టె వద్దని నీకు చెప్పలేక ఏడాదిగా చస్తుంటే, తన కోసం కాల్చిన రొట్టెలే నేనూ తినొచ్చని, ఆ జబ్బు తనదని చెప్పమంది ఇరోదా."