చనిపోయిన డాన్ పాత్రలో

జయంతికి ఒక సవతి ఉంది. పేరు మీసం. ఆంజనేయప్రసాద్ ఆవిడకి నూనె రాస్తాడు, దువ్వుతాడు, పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోయినా ఆవిడ కత్తిరింపు రోజు మరిచిపోడు. ఈ శనివారం కూడా బాత్‌రూమ్ అద్దం ముందు ఆవిడ సేవలోనే ఉన్నాడు.

“కింద అందరూ ఎదురుచూస్తున్నారండీ,” అంది జయంతి తలుపు అవతలనుంచి. “అయినా నటించేది మీరు కాదు, మీ ఫోటో.”

“ఫోటో పక్కన నిలబెట్టి నన్నో సెల్ఫీ అడగొచ్చు. రెడీగా ఉండాలి కదా.”

కింద బేస్‌మెంట్‌లో బెంగాలీ సినిమా తీస్తున్నారు. డైరెక్టర్ దీపాయన్, ప్రసాద్ ఆఫీసులోనే టెస్టర్. శని, ఆదివారాల్లో పార్సిప్పనీలో ఎవరిల్లు దొరికితే వాళ్ళింట్లో గ్యాంగ్‌స్టర్ థ్రిల్లర్ లాగిస్తున్నాడు. కథలో పెద్ద డాన్ చచ్చిపోతాడు. కొడుకు తండ్రి ఫోటో ముందు నిలబడి పగ తీర్చుకుంటానని ఒట్టు వేస్తాడు. బతికున్నవాడి ఫోటోకి దండ వెయ్యడానికి దీపాయన్ ఎరిగిన బెంగాలీలు ఒక్కరూ ఒప్పుకోలేదు. సినిమా అంటే కాదనే తెలుగువాడు ఇంకా పుట్టలేదని అతనికి ఎవరు చెప్పారో తెలియదు.

పెద్ద ఫ్రేములో ప్రసాద్ ఫోటో, దానికి ప్లాస్టిక్ బంతిపూల దండ, ముందు అగరొత్తులు. కొడుకు వేషం వేసిన కుర్రాడు ఏదో అరిచి బొటనవేలు కోసుకున్నాడు. బేస్‌మెంట్ కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా పొగ నిటారుగా లేవకుండా ఫోటో వైపే వెళ్ళింది.

కట్ అనగానే జయంతే ముందు కదిలి దండ లాగి చెత్తబుట్టలో పడేసింది.

“దాదా, ఒక్క నిమిషం,” అన్నాడు దీపాయన్, మూల నిలబడి చూస్తున్న ప్రసాద్‌తో. బెంగాలీలో దాదా అంటే అన్నయ్య. “కెమెరా చూసి ఒకసారి నవ్వండి. చావు సీన్ చేసిన ప్రతివాళ్ళనీ నవ్విస్తాం. దోషం పోతుంది. ఇందాక నెత్తుట్లో పడున్నవాడు కూడా నవ్వేసి పిజ్జా తినడానికి వెళ్ళాడు.”

“నేను షాట్‌లోనే లేను. నాకు దోషమేంటి?”

“మీ మొహం ఉందిగా,” అంది జయంతి. “నవ్వితే మీ సొమ్మేం పోయింది?”

“అడిగినప్పుడల్లా నవ్వేవాణ్ణయితే ఈపాటికి మేనేజర్నయ్యేవాణ్ణి. నాకు కాల్ ఉంది.” మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా జయంతి ఫోన్ పట్టుకుని ఆయన వెనకే తిరిగింది. కాఫీ తాగుతుంటే, చెత్త బయట పెడుతుంటే, కారు స్టార్ట్ చేస్తుంటే, “ఒక్కసారి నవ్వండి,” అంటూనే ఉంది. ఆయన మీసం కింద పెదవులు బిగించాడు.

“పిచ్చి ముదురుతోంది నీకు.”

“ముదరనీండి. మీకేమన్నా అయితే?”

“ఏమీ కాదు. రాసిస్తా.”

సినిమా పూర్తయ్యేసరికి చలికాలం వచ్చింది. ఎడిసన్‌లో ఒక థియేటర్ అద్దెకి తీసుకున్నారు. కారు జయంతి నడిపింది.

“ఎగ్జిట్ దాటేస్తున్నావు,” అన్నాడు ప్రసాద్.

“చూశాను.”

“నన్ను డ్రైవ్ చెయ్యనిస్తే ఈపాటికి...”

“మీరు చేసింది చాలు.”

థియేటర్ గుమ్మంలో దీపాయన్ జయంతి చేతులు రెండూ పట్టుకున్నాడు. “మీరు వచ్చారు, బౌదీ. అదే చాలు,” అన్నాడు. బౌదీ అంటే వాళ్ళ భాషలో వదిన. పక్కనే ఉన్న ప్రసాద్ వైపు కన్నెత్తి చూడలేదు.

“చూశావా,” అన్నాడు ప్రసాద్. “సినిమా ఇంకా ఆడనే లేదు, కళ్ళు అప్పుడే నెత్తికెక్కాయి.”

పక్క సీట్లో ఎవరో ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ పెట్టబోయింది. “అది ఆయనది,” అంది జయంతి. ఆవిడ బ్యాగు తీసేసుకుంది.

తెర మీద కాల్పులు, ఛేజింగులు, నల్ల కళ్ళద్దాలు. జనం మధ్య మధ్య దగ్గుతున్నారు. తర్వాత ఆ బేస్‌మెంట్ వచ్చింది. కుర్రాడు వేలు కోసుకున్నాడు. పొగ ఫోటోని కమ్మింది. పొగ విడిపోయాక ఫోటోలో కళ్ళు మూసుకుని ఉన్నాయి.

దగ్గు ఆగిపోయింది. మరుక్షణం హాలంతా చప్పట్లు. వెనక వరసలో ఎవరో ఇంగ్లీషులో అన్నారు, సినిమా మొత్తానికి ఆ ఫోటో ఒక్కటే నటించిందని.

ఆట అయ్యాక జయంతి దీపాయన్‌ని పక్కకి పిలిచింది. “ఆ గ్రాఫిక్స్ ఎవరు చేశారు?”

అతను నేల చూశాడు. “గ్రాఫిక్స్‌కి బడ్జెట్ ఎక్కడిది బౌదీ. ఆ రోజు తీసిందే. ఎడిటింగ్‌లో చూసుకున్నాం. మీకు ముందే చెప్పడానికి ధైర్యం చాల్లేదు.”

ఇంటికొచ్చాక జయంతి కోటు కూడా విప్పకుండా హాల్లో నిలబడింది.

“అందరూ చూశారు,” అంది.

“లైటింగ్,” అన్నాడు ప్రసాద్.

“లైటింగ్‌కి రెప్పలుంటాయా?”

“కెమెరా పాతది.”

“ఆ రోజు ఒక్కసారి నవ్వుంటే...”

“ఏమయ్యేదంటావు?”

“ఏమో. ఏమీ అయ్యేది కాదేమో.” గోడ దగ్గరికి జరిగింది. “మీరు నన్ను పిచ్చిదన్నారు. రోజూ రాత్రి అదే గుర్తొచ్చి నిద్ర పట్టదు. నేను పిచ్చిదాన్ని కాదని మీ నోట వినాలనుంది. ఒక్కసారి చెప్పండి, ఇంకెప్పుడూ అడగను.”

హీటర్ ఆగింది. జయంతి కదలకుండా ఎదురుచూసింది.

“తప్పు నాదే,” అన్నాడు ఆంజనేయప్రసాద్, గోడ మీది దండ వెనకనుంచి.