కుడి పక్క జాగా

చందాపుర బస్సులో నా కుడి పక్కన కూర్చున్న క్లాస్‌మేట్‌ని ఫర్హానా లేపేసింది. "అది నా జాగా మే, లెయ్."

రెండేళ్లుగా ఇదే వరస. క్లాసులో, క్యాంటీన్‌లో, చివరికి రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా ఆమెకు నా కుడి పక్కే కావాలి. ఒట్టి మొండిది అనుకునేదాన్ని.

ఈరోజుతో పీయూసీ పరీక్షలు అయిపోయాయి. రేపు ఫర్హానా వాళ్లు హొసకోటెకు మారిపోతున్నారు.

"ఇప్పుడైనా చెప్పు, నీకెందుకు మే ఆ పంతం?" అన్నాను.

"ఎడమ పక్క కూసుంటే నా మాట నీకు ఇనపడదు కదా," అంది ఫోన్ చూసుకుంటూనే.

ఆ చెవి సంగతి నేనెవరికీ చెప్పలేదు.

"ఎట్లయింది?" అని అడిగింది.

"మా నాయన కొట్టినాడు." మొదటిసారి బయటికి అన్నాను. ఏడుపేమీ రాలేదు.

ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. ఫర్హానా లేవలేదు.