దానయ్య లైఫ్‌జాకెట్

అండమాన్‌లోని వండూర్ ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకున్న లైఫ్‌జాకెట్ మీది క్యూఆర్ కోడ్‌ను చిట్టిబాబు ఫోన్‌తో స్కాన్ చేశాడు. వేటకెళ్లి గల్లంతైన అన్న దానయ్య పేరు, ఫోటో క్షణంలో తెర మీదకొచ్చాయి.

"పక్కా అన్నదే వదినా. కోడ్ ఉండబట్టి తెలిసింది. ఒడ్డెక్కి ఇప్పేసుంటాడు. ఈ చుట్టుపక్కలే వెతకమని పోలీసోళ్లకి చెప్తాను," అంటూ నంబరు నొక్కాడు.

దానయ్య భార్య బేబీరాణి ఇసుక దులిపి జాకెట్‌ను పైకి తీసింది. అది చాపలా చుట్టి ఉంది. మధ్యలో వలతాడుతో బిగించిన ముడి.

"మీ అన్న దీన్ని ఏసుకోనేదు బాబూ. బోటులో తలకింద పెట్టుకోడానికి ఇలాగే కట్టుకుంటాడు. ముడి ఇప్పడానికి కూడా టైము దొరకనేదు."

ఫోన్‌లో ఎవరో హలో అంటున్నారు. చిట్టిబాబు ఆ ముడిని వేలితో తడిమాడు. జెట్టీలో ఉన్న తన బోటులో, తన జాకెట్టుకూ అదే ముడి ఉంది.