పల్చటి నూనె

"దొంగ గాకపోతే మిషన్ల నూనంత ఎందుకు గుంజిండు?" అన్నం ముందు కూర్చున్న కొండల్‌ది మళ్లీ అదే మాట.

"గుంజింది బకెట్లనే ఉన్నది. మోసుకపోయిండా?" వదిన సక్కుబాయి తగ్గలేదు.

"ఐస్ ఫ్యాక్టరీ ముచ్చట నీకెందుకు వదినా?"

"నీకెరుకైతే రాడ్డెందుకు లేపినవ్? మీ అన్న నిన్నటిసంది ఆ ముసలాయన పక్కన దవాఖానల్నే ఉన్నడు. ఆయన బతుకుతడో సస్తడో."

తల్లి లస్మవ్వ పప్పు వడ్డించింది.

నిన్న మధ్యాహ్నం ఆ ముసలాయన ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు.

"మిషన్ గీరుకుంటున్నది బిడ్డా. జర చూస్త. పైసలద్దు."

సక్కుబాయి రానిచ్చింది.

ఆయన కంప్రెసర్ ఆపి విప్పాడు. లోపల గిరగిర తిరిగే రేకులను తీసి, నున్నటి రాయి మీద రుద్దాడు. చిక్కబడ్డ నూనె తీసేసి, తన సంచిలోని డబ్బా నుంచి పల్చటి నూనె పోసి బిగించాడు.

"చిక్కటి నూనెతోని రాపిడైతది బిడ్డా. రాపిడైతే కాగుతది. కాగితే..."

అప్పుడే కొండల్ వచ్చాడు. బకెట్‌లో నూనె, నేల మీద ఇనుప పొడి చూశాడు.

"మా మిషన్ అరగదీస్తవారా లంగా?"

మొదటి దెబ్బకు చేయి విరిగింది. రెండోది తల మీద పడింది. పడిపోయాక కూడా కొట్టాడు. రాడ్డు పట్టుకున్న సక్కుబాయిని గోడకేసి నెట్టాడు. ఇనుప పొడి రక్తంలో తడిసింది.

ఈ పొద్దున పనివాళ్లు మిషన్ నడిపారు. గీరుడు లేదు. చెయ్యి పెడితే కాలలేదు. ఎన్నడూ లేనిది మధ్యాహ్నానికే అచ్చుల్లో నీళ్లు గడ్డకట్టాయి.

గుమ్మంలో అన్న ముత్యం కనిపించాడు. చెప్పులు విడవలేదు.

"పోయిండు."

కొండల్ చేతిలో ముద్ద ఆగింది. "ఎవడట?"

"బెల్లంపల్లి బొగ్గుబాయిల ఫిట్టర్. పేరు యెషయా. పోయిన ఎండకాలం మన పాత మిషన్ కాగి పేలితే పనిజేసే దేవదాసు సచ్చిండు గదా, గా పోరని బాపు."

"అయితే పగకే వచ్చిండన్నట్టు."

"ఇంకొకని కొడుకు సావద్దని వచ్చిండట. పాణం పోంగ డాక్టరుకు చెప్పిండు."



లస్మవ్వ గరిటె గిన్నెలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. అందరినీ ఒకసారి చూసింది.

"ముత్యం, రిక్షా పిలువు. కడుపునిండ తిను కొండలూ. తిన్నంక నిన్ను ఠాణకు నేనే తోల్కపోత."