కొడుకు కారు

యుద్ధం రోజులు. కారుకింత చొప్పున కూపన్లిచ్చి పెట్రోలు పోస్తున్నారు. ఆ చాలీచాలని పెట్రోలుతో తన రేసు కార్లు రెండూ నెలలో వారమైనా తిరగడం లేదని చిత్తూరు వకీలు జయరామయ్యకు బెంగ. రోజూ వాటిని తుడిచి, దిష్టి తీసి, దుప్పట్లు కప్పేవాడు.

"పిల్లోడు కాలేజీకి నడిసిపోతా ఉండాడు. ఒగదాన్ని అమ్మేసి వానికో మామూలు కారు కొనిచ్చేదానికేమి?" అంది భార్య ప్రసూనాంబ.

"బిడ్డల్ని ఎవురన్నా అమ్ముకుంటారా?" అని జయరామయ్య కళ్లు తుడుచుకున్నాడు.

అయినా మరుసటి వారమే పాకాల నుంచి ఒక పాత కారు వచ్చింది. కొడుకు పేరు మీదే రాయించాడు. కొడుకు తండ్రి కాళ్లకు మొక్కాడు. ప్రసూనాంబ గుమ్మడికాయ కొట్టించింది. ఎంతైనా కన్నతండ్రి కదా అని కోర్టంతా మెచ్చుకుంది.

ఒకటో తేదీన కొడుకు కారు కూపన్ల మీద పెట్రోలు డబ్బా ఇంటికొచ్చింది. జయరామయ్య చుక్క ఒలకకుండా దాన్ని తన రేసు కార్లలో పోసుకున్నాడు.

"నాయనా, మరి నా కారుకో?"

"పాలిచ్చే ఆవును ఎవురన్నా బండికి కడతారేమిరా?" అన్నాడు జయరామయ్య, డబ్బా దులుపుతూ.