ఎర్రబడిన ఊరు

మ్యాపులో ఒక్క ఊరు మాత్రం ఎర్రగా మండుతోంది.

కొమరోలు పక్కనున్న నల్లగుట్టపల్లె. రాత్రి వరకూ తెల్లగా ఉన్న చుక్క అది.

గిద్దలూరులో చిన్న వార్తల చానల్ నడిపే యోగేష్‌కు నిద్రమత్తు వదిలిపోయింది.

ఎన్నికలని ఆ మ్యాపును నెట్‌లో పెట్టింది అతనే. ఫోన్‌లో తమ ఊరి మీద వేలు పెట్టి, అభ్యర్థిని ఏమడగాలో ఎవరి గొంతుతో వాళ్లు చెప్పాలి. ఎక్కువమంది అడిగిన ఊరు ఎర్రబడుతుంది. ఆ ఊరి ప్రశ్నే లైవ్‌లో మొదట అడుగుతారు.

పంచాయతీ ఎన్నికలప్పుడు పెట్టిన పోల్‌లో దొంగ ఓట్లు పడి ఊరంతా నవ్వింది. ఇంకోసారి నవ్వితే చానల్‌కు తాళమే. సాయంత్రం లైవ్‌కు అభ్యర్థి రంగనాయకులు వస్తున్నాడు.

నల్లగుట్టపల్లె ప్రశ్నలన్నీ ఒకే నంబరు నుంచి వచ్చాయి. తెర మీద అక్షరాల్లో పడిన పేర్లు వేరు, ప్రశ్న ఒక్కటే. పైపులు వేసి మూడేళ్లయింది, నీళ్లెప్పుడు?

ఆ పైపుల కాంట్రాక్టు చేసింది రంగనాయకులే.

ఇది అవతలి పార్టీ పనే అనుకున్నాడు యోగేష్. ఒక్క గొంతూ వినలేదు. నంబరును ఆపేశాడు. ఊరు మళ్లీ తెల్లబడింది.

మధ్యాహ్నం బస్సు దిగి ఒక పెద్దావిడ చానల్ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. తన పేరు సౌభాగ్యమ్మ అంది. తమ ఊరు ఎందుకు తెల్లబడిందో కనుక్కోవడానికి వచ్చిందట.

“అన్నీ మీ ఫోన్ నుంచే పంపినారు గదా పెద్దమ్మా.”

“మా పల్లెలో తక్కినోళ్లవన్నీ బటన్ ఫోన్లే నాయనా. ఇంటింటికీ తీసుకపోయి నేనే మాట్లాడిచ్చినా. గొంతులు ఇనలేదా నువ్వు?”

యోగేష్ ఆ మాట దాటేసి, ఆమెను ఎవరు పంపారని అడిగాడు. ఎవరూ పంపలేదంది. రంగనాయకులు ఇంటికే పోయి అడగొచ్చు గదా అన్నాడు.

“ఇంటికాడ అడిగితే అన్నం పెట్టి పంపిస్తాడు. నలుగుర్లో అడిగితే తప్పిచ్చుకోలేడు.”

ఇలాంటి మాటలు నేర్పి పంపేవాళ్లకు ఈ ఎన్నికల్లో కరువేముంది? యోగేష్ తలుపు చూపించాడు.

ఆమె గొడవ పడలేదు. పోనూ లేదు. కింద మెట్ల మీద, ఒళ్లో ఫోన్ పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం రంగనాయకులు కారు వెనక గేటు నుంచి వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే ఆయన చెమట తుడుచుకున్నాడు.

“నల్లగుట్టపల్లె నుంచి ఏమన్నా వచ్చిందా తమ్ముడూ?”

పైపుల సంగతి గుర్తొచ్చి అడిగాడనుకున్నాడు యోగేష్.

“దొంగవి వచ్చినాయన్నా. తీసేసినా.”

రంగనాయకులు ఊపిరి పీల్చుకున్నాడు.

లైవ్ బాగా జరిగింది. మొదటి ప్రశ్న బస్టాండు ముందర ట్రాఫిక్ గురించి. ఆయన నవ్వుతూ బదులిచ్చాడు. దొంగ ఓటన్న మాట ఎవరి నోటా రాలేదు. చానల్ బతికింది.

యోగేష్ మాత్రం ‘గొంతులు ఇనలేదా’ అన్న మాట మరిచిపోలేదు. రంగనాయకులు చొక్కాకున్న మైకు తీసేలోపల, ఆపేసిన గొంతులు రెండు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒక ముసలాయన, మాట మాటకూ ఆయాసం. ఒక బాలింత, వెనక బిడ్డ ఏడుపు. రెండింటి చివరా సౌభాగ్యమ్మ గొంతే. “చాలు, పోయింది. ఇంక ఆయప్ప బదులు చెప్పాల్సిందే.”

గెలిచినంత సంతోషంతో రంగనాయకులు ముందు మెట్ల మీదుగా దిగాడు. యోగేష్ వెంట నడిచాడు.

సౌభాగ్యమ్మ ఇంకా అక్కడే ఉంది.

రంగనాయకులు నవ్వు ఆగిపోయింది. ఆమె లేచి ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఏమీ అడగలేదు. బస్టాండు వైపు నడిచిపోయింది.

“ఎవరన్నా ఆమె?” యోగేష్ అడిగాడు.

“ఇంటికొచ్చినప్పుడల్లా నీళ్ల సంగతే అడుగుతాది. మా సొంతక్క,” అన్నాడు రంగనాయకులు, తలెత్తకుండా.